సన్న బెజ్జం

ఆయన పోయాడన్న కబురు నాకు ఫోటోగా వచ్చింది. నంద్యాలలో ఆయన స్టూడియో పక్కన జిరాక్స్ అంగడి నడిపే ఆయన పంపాడు. ఫోన్లో తీసిన ఫోటో. ముఖం ఒక్కటే తేటగా ఉంది. చెవుల దగ్గర కరగడం మొదలై వెనకదంతా సున్నం నీళ్ళలా కలిసిపోయింది. కింద శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు. బతికుండగా దాన్ని చూసి ఉంటే, "ఏందప్పా ఇది, నా వెనకాల గోడ యాడ పాయ? నేనేమన్నా గాల్లో నిలబడుకోని ఉంటినా?" అని తగులుకునేవాడు. నలభై ఏళ్ళు ఊరందరి ఫోటోలు తీసిన మనిషికి చివరికి దక్కిన ఫోటో అదీ.

నేనాయన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. భాయ్ అనేవాణ్ణి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నంద్యాలలో తెలిసినవాళ్ళంతా సన్న బెజ్జం భాయ్ అనేవాళ్ళు, ఎదురుగా కాదు, వెనకాల. కెమెరా గాజు లోపల వెలుతురు దూరే కంత ఒకటి ఉంటుంది. దాన్ని పెద్దది చేస్తే ముందున్న మనిషి తేటగా, వెనకదంతా మసకగా వస్తుంది. ఇప్పుడందరికీ అదే ఇష్టం. చిన్నది చేస్తే ముక్కు కొస నుంచి వీధి చివరి కరెంటు స్తంభం దాకా అన్నీ ఒకే తేటగా వస్తాయి. సూది బెజ్జం అన్నట్టు ఆయన ఆ కంతను బెజ్జం అనేవాడు. దాన్ని పెద్దది చేసి ఫోటో తీయగా చూసినవాళ్ళు లేరు.

నాకాయనంటే భయం. గౌరవం అని రాయబోయాను గానీ అది అబద్ధమవుతుంది. ఉన్నన్నాళ్ళూ భయపడ్డాను, పోయిన రోజున ఇంకా ఎక్కువ భయపడ్డాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన పని చేసే పద్ధతి చెప్పాలి.

నాది ఆళ్ళగడ్డ. రాతి పని. మా నాయన విగ్రహాలు చెక్కాడు, నేనూ చెక్కుతున్నాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, నలుగురు పనివాళ్ళు, పొద్దస్తమానం కోత మిషన్ల గోల. విగ్రహం పూర్తయ్యాక, లారీ ఎక్కించే ముందు ఫోటో తీయించడం మా దగ్గర మామూలు. ప్రతిష్ఠ పత్రికలో వేయడానికి ఊరివాళ్ళు అడుగుతారు, తర్వాత వచ్చేవాళ్ళకు చూపించడానికి మాకూ ఉండాలి. ఆ పనికి భాయ్ నంద్యాల నుంచి బస్సులో వచ్చేవాడు. కెమెరా నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండును పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఏందీ భాయ్ అది అని కండక్టర్ అడిగితే "కాళ్ళు" అనేవాడు, అంతే. దానికి టికెట్ కొట్టాలో వద్దో తెలియక కండక్టర్లు ఊరుకునేవాళ్ళట.

షెడ్డులోకి వచ్చేటప్పుడు చెప్పులు బయటే విడిచేవాడు. టీ ఇస్తే "పనైనాక" అనేవాడు. ఆ తర్వాత ఒకటే మాట, "మిషన్లు ఆపండప్పా." ఆపితే సరిపోదు. గాల్లో ఉన్న రాతిదుమ్ము కిందికి దిగేదాకా అరగంటసేపు కదలకుండా కూర్చునేవాడు. నలుగురు మనుషులు పని మానుకుని గోళ్ళు గిల్లుకుంటూ ఉంటే నాకు లోపల మండిపోయేది. అడిగితే, "దుమ్ము తొందరపడదప్పా, నువ్వు పడితే ఏం లాభం" అనేవాడు.

షెడ్డు షట్టరు సగం దించి, ఒక పక్కన తెల్లపంచె కట్టి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురు విగ్రహం మీద అడ్డంగా పారేటట్టు చూసుకునేవాడు. ఫ్లాష్ కొట్టేవాడు కాదు. బెజ్జం పదహారు. నంబరు పెరిగే కొద్దీ కంత చిన్నదవుతుందట. ఇంకా చిన్నది చేయొచ్చు కదా అంటే, "మరీ సన్నం చేస్తే వెలుగే చెదిరిపోతాది ఆచారీ, దేనికైనా ఒక అంతు ఉండాల" అన్నాడు ఒకసారి. అంత చిన్న కంతలోంచి వెలుతురు నిదానంగా దిగుతుంది కాబట్టి ఒక్కో ఫోటోకి ఎనిమిది సెకన్లు పట్టేది. ఆ ఎనిమిది సెకన్లూ షెడ్డులో ఎవరూ అడుగు వేయకూడదు. రోడ్డు మీద లారీ పోతే నేల అదిరిందని మళ్ళీ మొదలుపెట్టేవాడు. పొద్దుటి నుంచీ గోలలో ఉన్న చెవులకు ఆ నిశ్శబ్దం పడేది కాదు. నేను చెక్కిన విగ్రహమే నన్ను ఏదో అడగబోతున్నట్టు అనిపించి తల దించుకునేవాణ్ణి.

రాతి పనిలో సగం చెక్కడం, సగం కప్పిపెట్టడం. ఉలి జారిన చోట నున్నగా రుద్ది నూనె పూస్తే రాయి మన తప్పులు చాలావరకు మింగేస్తుంది. ఎదురుగా నిలబడి దండం పెట్టేవాడికి ముఖం కనిపిస్తే చాలు. భాయ్ దగ్గర అది కుదరదు. స్వామి ముక్కు ఎంత తేటగా ఉంటుందో వెనక తోరణంలో మూడో ఆకూ అంత తేటగా ఉంటుంది. వారం తర్వాత పెద్ద ప్రింటు తెచ్చి నా ముందు పరిచి, గొంతు పెంచకుండా చెప్పేవాడు. "ఎడమ కన్రెప్ప రోంత బరువైంది ఆచారీ. ఈ మూడో ఆకు కాడ నీకు విసుగొచ్చింది." నిజమే, ఆ ఆకు దగ్గర విసుగొచ్చింది. నీకెట్లా తెలిసిందంటే, "నాకేం తెలుసప్పా, బెజ్జానికి తెలుసు" అనేవాడు. ఆయన వెళ్ళిపోయాక నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఆ రెప్పను మళ్ళీ సరిచేసేవాణ్ణి.

పెళ్ళిళ్ళకు ఆయన్ను పిలవడం జనం ఎప్పుడో మానేశారు. నంద్యాలలో ఒక వ్యాపారస్తుల ఇంట్లో జరిగిన నిశ్చితార్థం సంగతి ఆయనే చెప్పాడు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ముందు కూర్చున్నారు. వాళ్ళ వెనకాల, వంటింటి గడప దగ్గర, ఆ ఇంటి పెద్దకోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నిలబడి ఉంది. పెళ్ళికూతురి మెడలో నగ ఎంత తేటగా పడిందో ఆమె కన్నీళ్ళూ అంత తేటగా పడ్డాయి. ఇంటి పెద్ద స్టూడియోకి వచ్చాడు.

"ఆమెను తీసెయ్ భాయ్."

"ఆమె ఆడ ఉండె కదప్పా."

"ఉంటే ఉండె. వెనకాలంతా మసక చెయ్యి."

"నేను మసక చేస్తే ఆమె ఏడుపు నిలబడతాదా?"

ఆ ఆల్బమ్ వేరే స్టూడియోకి వెళ్ళింది. ఆ తర్వాత భాయ్ కెమెరా పట్టుకుని ఏ ఇంటికి వెళ్ళినా జనం ముందు తమ వెనకాల ఎవరున్నారో తిరిగి చూసుకునేవాళ్ళట. ఎవరి వెనకాల ఏముందో వాళ్ళకు తెలుసు కదా.

ఆయనకూ భయాలు లేకపోలేదు. రెండున్నాయి. ఒకటి కన్ను. ఏదైనా నిదానంగా చూడాలంటే కుడిచేతి పిడికిలి మడిచి, మధ్యలో చీమ దూరేంత సందు వదిలి, అందులోంచి చూసేవాడు. చూపు మందగించినవాళ్ళకు అట్లా చూస్తే తేటగా కనబడుతుందని నాకూ చేసి చూపించాడు. కంటికి శుక్లం తీయించుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. రెండో భయం దుమ్ము. కెమెరా లోపల ఫోటో పడే పలక మీద చిన్న నలుసు పడ్డా, వెంట్రుక పడ్డా, పెద్ద కంతతో తీసేవాళ్ళకు అది కనబడదు. సన్న కంతతో తీస్తే ఫోటో మీద నల్లగా మచ్చ పడుతుంది, గీత పడుతుంది. అందుకని జేబులో ఒక రబ్బరు బుడ్డి పెట్టుకుని తిరిగేవాడు, దాంతో గాలి కొట్టి శుభ్రం చేసేవాడు. "సన్న బెజ్జంలో నీ తప్పులే కాదు ఆచారీ, నా తప్పులూ కనబడతాయి" అనేవాడు.

ఇంతవరకూ ఆయన గురించి రాశాను. ఇక నా గురించి రాయక తప్పదు.

రెండేళ్ళ కిందట కొలిమిగుండ్ల దగ్గర ఒక పల్లెవాళ్ళు కొత్త గుడి కట్టుకుని ఆంజనేయస్వామి విగ్రహం కావాలని వచ్చారు. అయిదడుగుల నిలువు విగ్రహం, కుడిచెయ్యి పైకెత్తి అభయమిస్తున్నట్టు. ఎనిమిది నెలల పని. రాయి తెచ్చిన రోజే సుత్తితో కొట్టి చూశాను, గంటలా మోగింది, అంటే లోపల పగులు లేదని లెక్క. పైకెత్తిన చేతికీ తలకూ మధ్య రాతిని తొలిచేయడం చివరికి పెట్టుకుంటాం. ఆ పనిలో ఉండగా భుజానికి కాస్త పైన వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. నీళ్ళు చల్లి గుడ్డతో తుడిచాను. చుట్టూ రాయి ఆరింది, గీత ఆరలేదు. అంటే అది పైపై గీత కాదు, లోపలికి పోయిన పగులు.

ఆ పూట నేను చేయవలసింది ఒకటే. ఊరివాళ్ళను పిలిచి, ఈ రాయి పూజకు పనికిరాదు, ఇంకోటి చెక్కి ఇస్తాను అని చెప్పడం. మా నాయన ఒకసారి అట్లాగే చెప్పి ఏడాది పని పక్కన పడేశాడు. నాకు ధైర్యం చాలలేదు. ముహూర్తానికి ఇరవై రోజులే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళకు కబురు వెళ్ళిపోయింది, గుడి నేలకు బేతంచెర్ల బండలు పరచడం కూడా అయిపోయింది. ఇప్పుడు కాదంటే ఆళ్ళగడ్డలో నా షెడ్డుకు మళ్ళీ ఎవడు వస్తాడని లెక్కలేసుకున్నాను. పనివాళ్ళు లేని పూట చూసి రాతిపొడీ జిగురూ కలిపి గీతలోకి దట్టించాను. ఆరాక రుద్ది, నూనె పూశాను. అయిపోయాక నా కంటికే కనిపించలేదు. ఇక మిగిలింది భాయ్ ఒక్కడే.

పిలవకుండా ఉందామనుకున్నాను గానీ, ఆ ఊరి పెద్దాయనే నంద్యాల భాయ్‌తోనే తీయించమని పట్టుబట్టాడు. వచ్చాడు, తీశాడు, టీ తాగి వెళ్ళాడు. ఏమీ అనలేదు. నాలుగో రోజు, పనివాళ్ళు అన్నానికి పోయిన వేళ, చెప్పకుండా మళ్ళీ వచ్చాడు. చుట్టిన ప్రింటు ఒకటి నా ముందు రాయి మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఉలులు బరువు పెట్టాడు.

"ఈడ గీత ఉండాది ఆచారీ."

"ఏ గీత?"

"చెయ్యి మీద. నూనె మెరుపు ఈడికొచ్చి తెగిపోతాండాది చూడు."

కనిపిస్తూనే ఉంది. జిగురు మెరుపు వేరు, రాతి మెరుపు వేరు. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాట నేను అనుకుని అన్నది కాదు.

"నీ కెమెరాలో దుమ్ము పడిందేమో భాయ్. వెంట్రుకో ఏందో."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"కంటికి ఆపరేషన్ అయింది కదా. ఒకసారి డాక్టర్‌కి చూపించుకోగూడదా?"

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ మనిషిని ఎక్కడ కొడితే తగులుతుందో నాకు తెలుసు, అక్కడే కొట్టాను. రాతి దిమ్మ మీద కూర్చుని సంచిలోంచి కెమెరా తీశాడు. "నిన్న కూడా చూస్తినే," అని తనలో తాను అనుకుంటూ రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. గాజు ఊడదీసి, మళ్ళీ బిగించి, స్టాండు నిలబెట్టాడు.

"రెండు తీస్తా. ఒకటి ఇట్ల, ఇంకోటి కెమెరాను రోంత పక్కకు జరిపి. కెమెరాలో దుమ్మైతే స్వామి జరిగినా గీత ఫోటోలో ఉన్న చోటనే ఉంటాది. రాతిదైతే స్వామితో పాటే జరుగుతాది."

అప్పుడైనా ఆపి ఉండొచ్చు. ఆపలేదు. మొదటి ఎనిమిది సెకన్లు అయ్యాయి. కెమెరా జరిపాడు. రెండో ఎనిమిది సెకన్లు మొదలయ్యాయి. నేను ఎదురుగా ఉన్న ఆ స్వామికే మొక్కుకున్నాను, దుమ్మే కావాలి స్వామీ అని. ఆ గీత నా చేత్తో పూడ్చిన గీత అని తెలిసీ మొక్కుకున్నాను. భయం మనిషిని ఎంత వెర్రివాణ్ణి చేస్తుందో ఆ పూట తెలిసింది.

ఫోటోను కెమెరా వెనకనున్న చిన్న తెర మీద పెద్దది చేసి, పిడికిలి కంటికి ఆనించి చూశాడు. ఒకటి చూశాడు, రెండోది చూశాడు, మళ్ళీ మొదటిది చూశాడు. ఎంతసేపటికో తల ఎత్తాడు.

"కెమెరా బాగుండాది ఆచారీ. నా కన్నూ బాగుండాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖమంతా నవ్వు. గండం గడిచిన మనిషి నవ్వు. అది చూసి నాకూ ఒక క్షణం సంతోషమేసింది, ఎందుకో తెలియకుండానే. ఆ తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. తన కన్ను బాగుందంటే దాని అర్థమేమిటో ఆయనకు అప్పుడు తట్టింది. విగ్రహం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇప్పుడు ఆయన కళ్ళలోనూ భయమే ఉంది.

"తెలిసే చేసినావా?" అన్నాడు.

నేను తల ఊపాను. ముహూర్తం గురించి, పత్రికల గురించి, మా నాయన పేరు గురించి ఏవేవో చెప్పాను. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. చివరికి అడిగేశాను.

"భాయ్, బెజ్జం పెద్దది చేసి ఒకటి తీ. ఊరోళ్ళకు అదే పంపుతాం."

తిడతాడనుకున్నాను. కెమెరా సర్దుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. కెమెరా మీద చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. పదకొండు, ఎనిమిది, అయిదున్నర అని పైకే చదువుతూ చివరి దాకా తిప్పాడు. కన్ను మూసి తెరిచేలోగా ఫోటో పడిపోయింది. స్వామి ముఖం వెలిగిపోతోంది. కాస్త వెనకగా ఉన్న చెయ్యి పొగలో ఉన్నట్టుంది, గీత లేదు.

"ఇది నేను తీసింది కాదు. నువ్వు తీసినావు," అన్నాడు.

స్టాండును దుప్పట్లో చుట్టి తాడు కడుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ గుళ్ళో పూజారి యాడ కూచుంటాడు?"

"స్వామి ముందరనే."

"ఏ చేతి కింద?"

నేను స్వామి పైకెత్తిన చేతి వైపు చూశాను.

"నేను ఎవరికీ చెప్పను ఆచారీ. చెప్పాల్సినోడివి నువ్వు," అని చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు నడిచాడు. ఆయన నా దగ్గర టీ తాగకుండా వెళ్ళింది ఆ రోజే.

ఆ ఫోటో ఊరివాళ్ళకు తెగ నచ్చింది. పత్రిక మీద వేశారు, ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. భాయ్ ఇంత బాగా ఎప్పుడూ తీయలేదని పెద్దాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. ప్రతిష్ఠ రోజు నేనూ వెళ్ళాను. పూజారి ముప్పై ఏళ్ళవాడు, బక్కపలచని మనిషి. పీట వేసుకుని ఎక్కి, ఎత్తిన చేతి మీదుగా బిందెలు బిందెలు నీళ్ళు పోశాడు. జనమంతా స్వామి ముఖం చూస్తూ దండాలు పెడుతుంటే నేను భుజం పైన జానెడు రాయిని చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత నెలనెలా ఆ ఊరికి పోవడం మొదలుపెట్టాను. దండం పెట్టుకునేటట్టు దగ్గరికి పోయి, చెయ్యి తుడుస్తున్నట్టు తుడుస్తూ గీత మీద వేలు రాసి చూసేవాణ్ణి. మొదటి వానాకాలం గడిచేసరికి అక్కడ రంగు కాస్త పాలిపోయింది. నూనె పూసి వచ్చాను. రెండో వానాకాలానికి గీత గోటికి తట్టుకుంది. చెక్కినోడికే ఇంత భక్తి ఉంటే ఇక మనకెంత ఉండాలని ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పూజారి నాకు కొబ్బరిచిప్పలు ప్రత్యేకంగా కట్టి ఇచ్చేవాడు. పెద్దాయన నంబరు నుంచి ఫోన్ వస్తే చాలు, చెయ్యి విరిగి పూజారి మీద పడిందన్న మాటే వినబోతున్నానని ప్రాణం జల్లుమనేది. ఊళ్ళో ఒకాయన ట్రాక్టర్ బోల్తా పడి కాలు విరిగిందని తెలిసి, పగిలిన విగ్రహానికి పూజలు చేయించిన పాపం ఇదేనని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంట్లో అడిగితే కడుపు బాగాలేదన్నాను.

ఆ రెండేళ్ళలో భాయ్‌ని ఒక్కసారే చూశాను, నంద్యాల బస్టాండులో. నేను తప్పుకుని పోబోతే ఆయనే పిలిచాడు.

"స్వామి చెయ్యి ఎట్లుండాది?"

"బాగుండాది భాయ్."

పిడికిలి కంటికి ఆనించుకుని నన్ను చూశాడు. అక్కడున్నవాళ్ళు ఆయనేదో వేళాకోళమాడుతున్నాడనుకుని నవ్వారు.

"నిద్దర పడతాండాదా నీకు?"

"లేదు."

"మంచిదే," అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే మంచి మాట విన్నట్టు నా భుజం తట్టి, తన బస్సు వచ్చిందని వెళ్ళిపోయాడు.

ఇక పోయిన శనివారం. పొద్దున ఫోన్లో ఆ ఫోటో చూసి నంద్యాల బస్సెక్కాను. నేను చేరేసరికి ఖబరస్తానులో మట్టి ఇస్తున్నారు. వరసలో నిలబడి నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. మూడో పిడికిలి వేస్తున్నప్పుడు నా మనసులో వచ్చిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది. తెలిసినవాడు పోయాడు, ఇక ఎవరూ చెప్పరు అనుకున్నాను. రెండేళ్ళలో మొదటిసారి ఊపిరి సులువుగా ఆడింది. ఆయన అల్లుడు నా మొహం చూసి బాధపడుతున్నాననుకుని చెయ్యి పట్టుకున్నాడు.

బస్టాండు చేరేలోపే ఆ సులువు పోయింది. ఇన్నాళ్ళూ నేను ఏ ధైర్యంతో బతికానో అప్పుడు తెలిసింది. చెప్పనన్నాడు గానీ, మరీ మీదికొస్తే భాయ్ చూస్తూ ఊరుకోడులే అని లోపలెక్కడో ఒక నమ్మకం ఉండేది. నా భయంలో సగం ఆయన మీద పెట్టి తిరిగాను. ఇప్పుడు ఆ గీత సంగతి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. పూజారి తల మీద ఆ చెయ్యి పడకుండా ఆపగలిగినవాణ్ణీ నేనొక్కణ్ణే. ఆళ్ళగడ్డ బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదులుతుంటే దిగేశాను. బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల పోయే బస్సు పట్టుకుని, అక్కడ దిగి ఆటోలో ఆ ఊరికి పోయాను.

అప్పటికింకా ఎండ ఉంది. ఆకుపూజ అయిపోయి జనం వెళ్ళిపోయారు. గుళ్ళో పూజారి ఒక్కడే ఉన్నాడు. పీట మీద నిలబడి, ఎత్తిన చేతికి వేలాడుతున్న తమలపాకుల దండ విప్పుతున్నాడు. ముడి బిగిసిందేమో, లాగుతున్నాడు. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి చేతిని పట్టుకుంటాడేమోనని, గొంతు తగ్గించి పిలిచాను.

"అయ్యోరా, దండ ఇడిసిపెట్టు. రోంత ఈడికి రా."

"ఏంది ఆచారన్నా, ఈ పొద్దు వస్తివి? ఉండు, ఈ ముడి ఒకటి..."

"ముడి వద్దు సామీ. దిగు. నీకు పుణ్యముంటాది, ముందు దిగు."

నా మొహం చూసి దిగాడు. బయట మెట్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. గీత కనబడటం, దట్టించడం, భాయ్ తీసిన మొదటి ఫోటో, నేను తీయించిన రెండో ఫోటో, నెలనెలా రావడం. పెద్దాయనకూ ఊరికీ నేనే చెప్తానని, కొత్త రాయి తెచ్చి చెక్కిచ్చేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వద్దని చెప్పాను. తిడితే బాగుండుననిపించింది, కొట్టినా బాగుండేది. అతను లేచి వెళ్ళి గుడి తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టి వచ్చి, రెండు మెట్లు దిగువన కూర్చున్నాడు.

"రెండేండ్ల నుంచీ నీకు తెలుసా అన్నా?"

"తెలుసు."

పూజారి నా వైపు తిరిగాడు.

"మొన్న దసరాకి నా బిడ్డను ఆ చేతి కిందనే కూచోబెట్టి పలక పట్టించి అక్షరాలు దిద్దిస్తి. గంటసేపు కూచునింది బిడ్డ. నువ్వు గూడా ఉంటివి కదా ఆ పొద్దు?"

"ఉంటి," అన్నాను.